కారు బానెట్ కింద ఇంట్లోనే శుభ్రం చేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

దసరా దగ్గరపడిందంటే చాలు, ఆయుధ పూజకు బండి కడుగుతూ బానెట్ ఎత్తి, లోపలి మడ్డి చూసి ఏం చేయాలో తోచక అడిగేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు. సంక్రాంతికి ఊరు వెళ్లొచ్చాక అవే ప్రశ్నలు మళ్లీ వస్తాయి. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. నాది 1998 మోడల్ మారుతి 800, పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటర్ ఉన్న పాత తరం బండి. దాన్ని పదేళ్లుగా నేనే శుభ్రం చేసుకుంటున్నాను. ఇంట్లో ఇంకో కొత్త పెట్రోల్ కారు కూడా ఉంది కాబట్టి రెండు రకాల బండ్లకూ పనికొచ్చేలా రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

బానెట్ కింద ఎవరు చూస్తారు? అసలు శుభ్రం చేయాల్సిన అవసరం ఉందా?

చూడాల్సింది మీరే. ఇంజిన్ మీద వేలు మందాన మడ్డి పేరుకుంటే ఆయిల్ ఎక్కడి నుంచి కారుతోందో, ఏ పైపు పగిలిందో, ఏ వైరు ఎలుక కొరికిందో కనపడదు. దుమ్ము పట్టిన ఆయిల్ వేడిని పట్టి ఉంచుతుంది, రబ్బరును మెత్తబరుస్తుంది. మెరుపు కోసమే అయితే ఇంత శ్రమ అక్కర్లేదు. బండి ఆరోగ్యం కంటికి కనపడాలి, నేను ఈ పని చేసేది అందుకే.

వాటర్ సర్వీసింగ్‌లో రెండు నిమిషాల్లో కొట్టేస్తారు కదా?

నేనూ ఒకసారి అలాగే కొట్టించాను. కుర్రాడు ప్రెషర్ గన్ తీసుకుని నేరుగా ఇంజిన్ మీద పెట్టాడు. బండి స్టార్ట్ అయింది కానీ మూడు సిలిండర్లలో ఒకటి పనిచేయడం మానేసింది. వణుకుతూ, ఆగుతూ ఇల్లు చేరాను. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూస్తే లోపల చెమట పట్టినట్టు నీటి బొట్లు. ఆ రోజు మూత తుడిచి ఆరబెడితే సరిపోయింది. అదే కొత్త బండి అయితే నీళ్లు సెన్సార్ల కనెక్టర్లలోకి, ప్లగ్గులకు కరెంటు ఇచ్చే కాయిల్స్ కిందికి, ఫ్యూజ్ బాక్సులోకి వెళ్తాయి. అవి వానకు తట్టుకునేలా చేసినవే, కానీ అంగుళం దూరం నుంచి కొట్టే ప్రెషర్‌కు కాదు. సర్వీసింగ్‌కు ఇచ్చినా "బానెట్ కింద గన్ పెట్టొద్దు" అని ముందే చెప్పండి.

ఏ కాలంలో, ఏ వేళలో చేస్తే మంచిది?

వానాకాలం వెళ్లాక, చలికాలం పొద్దున. నీడలో కడిగి తర్వాత ఎండలో ఆరబెట్టుకోవచ్చు. మే నెల మధ్యాహ్నం వద్దు. డిగ్రీజర్ (జిడ్డు వదిలించే మందు) చల్లిన నిమిషానికే ఎండిపోయి తెల్లటి మరకలు పడతాయి. ముసురు పట్టిన రోజుల్లో అయితే కనెక్టర్లు ఆరవు.

ఇంజిన్ వేడిగా ఉండాలా, చల్లగా ఉండాలా?

చెయ్యి పెడితే గోరువెచ్చగా అనిపించాలి, అంతే. కాలుతున్న ఇంజిన్ మీద చల్లటి నీళ్లు పోస్తే ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి వచ్చే గొట్టాల భాగం) లాంటివి పగిలే ప్రమాదం ఉంది. డిగ్రీజర్ కూడా ఆవిరైపోతుంది. తాళం తీసి జేబులో పెట్టుకోండి. కొన్ని కార్లలో బండి ఆపేశాక కూడా రేడియేటర్ ఫ్యాన్ దానంతట అదే తిరుగుతుంది. వేడి తగ్గకుండా రేడియేటర్ మూత మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పొద్దు, మరిగే నీళ్లు మొహం మీదికి ఎగజిమ్ముతాయి.

ఏమేం కొనాలి?

పెద్ద లిస్టేమీ లేదు. ఒక డిగ్రీజర్ సీసా, నీళ్లు చిమ్మే స్ప్రే బాటిల్, రెండంగుళాల పెయింట్ బ్రష్, నాలుగు పాత టూత్ బ్రష్‌లు, నైట్రైల్ గ్లవ్స్, మాస్కు, పాత బనియన్ గుడ్డలు. పెయింట్ బ్రష్‌కు ఉన్న రేకు పట్టీ చుట్టూ టేపు చుట్టండి, బ్యాటరీ దగ్గర తగిలినా షార్ట్ కాదు. గుడ్డలు ఎన్ని తీసుకున్నారో లెక్క పెట్టుకోండి. పని అయ్యాక మళ్లీ లెక్క చూడండి. ఇంజిన్ వెనకాల మరిచిపోయిన ఒక్క జిడ్డు గుడ్డ సైలెన్సర్ పైపుకు తగిలి అంటుకోవడానికి చాలు.

నాన్నగారి బండి ఆరేళ్లుగా షెడ్డులోనే ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు ఎలుకల గూడు ఉందేమో చూడండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో, బ్యాటరీ పక్కన, బానెట్ లోపలి ఇన్సులేషన్ షీటు వెనకాల పీచు, కాగితం ముక్కలు, వడ్ల పొట్టు దొరుకుతాయి. వాటిని చీపురుతో దులపొద్దు. ఎలుక మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది, చేతి మీద చిన్న గాటు ఉన్నా చాలు. గ్లవ్స్, మాస్కు వేసుకుని, డెటాల్ కలిపిన నీళ్లు చిలకరించి, తడిసిన చెత్తను సంచిలోకి ఎత్తండి. తర్వాత వైర్లన్నీ ఒక్కొక్కటిగా వేలితో తడుముతూ చూడండి. కొరికిన వైరు, పగుళ్లిచ్చిన పెట్రోల్ పైపు బాగుచేయించే దాకా బ్యాటరీ తగిలించొద్దు, సెల్ఫ్ కొట్టొద్దు.

వరదలో మునిగిన కారును నేనే కడిగి స్టార్ట్ చేసుకోవచ్చా?

వద్దండీ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలే మునిగాయి. అలాంటి నీళ్లు ఎయిర్ ఫిల్టర్ దాటి సిలిండర్‌లోకి వెళ్లి ఉంటే, సెల్ఫ్ కొట్టగానే పిస్టన్ నీటిని నొక్కబోతుంది. నీరు కుంచించుకుపోదు, పిస్టన్‌ను కదిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మామూలు సమగ్ర బీమాలో ఇలాంటి ఇంజిన్ నష్టానికి సాధారణంగా డబ్బు రాదు, ఇంజిన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకుని ఉండాలి. ముందు ఫొటోలు తీయండి, బీమా వాళ్లకు చెప్పండి, బండిని తోయించి వర్క్‌షాపుకు పంపండి. ఒండ్రు కడగడం ఆ తర్వాతి సంగతి.

నాది హైబ్రిడ్. సీఎన్‌జీ బండికి కూడా ఇదే పద్ధతా?

హైబ్రిడ్‌లో, ఎలక్ట్రిక్ కారులో నారింజ రంగు వైర్లు హై వోల్టేజ్‌వి. వాటిని, అవి వెళ్లే పెట్టెల్ని ముట్టుకోవద్దు, నీళ్లు పోయొద్దు. పైపైన తడి గుడ్డతో తుడిచి వదిలేయండి. సీఎన్‌జీ బండిలో గ్యాస్ పైపుల జాయింట్లు కదపొద్దు. మిగతాదంతా పెట్రోల్ బండి లాగే.

## నీళ్లు తగలకముందు

బ్యాటరీ వైర్లు తీసేయాలా? ఏది ముందు?

తీస్తేనే నిశ్చింత. ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్. బిగించేటప్పుడు తిరగేసి ముందు పాజిటివ్, చివర నెగటివ్. కారు బాడీ అంతా నెగటివ్‌కు కలిపి ఉంటుంది కాబట్టి, పాజిటివ్ నట్టు ముందు విప్పుతుంటే పానా బాడీకి తగిలి నిప్పులు రాలతాయి. కొత్త కార్లలో వైరు తీస్తే గడియారం పోతుంది, కొన్నింటిలో మ్యూజిక్ సిస్టమ్ కోడ్ అడుగుతుంది. ఆ కోడ్ ముందే చూసిపెట్టుకోండి.

బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లటి పొడి, పచ్చటి చిలుము ఉంది. ఎలా పోతుంది?

వైర్లు తీసేసి, గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో రెండు చెంచాల వంట సోడా కలిపి, టూత్ బ్రష్‌తో రాయండి. బుసబుసా పొంగుతుంది. అంటే యాసిడ్ విరుగుతోందన్నమాట. పొంగు ఆగేదాకా రాసి, తడి గుడ్డతో తుడవండి. బ్యాటరీ మీద నీళ్లు పోసే మూతలు ఉంటే ముందే గట్టిగా బిగించండి, సోడా నీళ్లు లోపలికి పోతే బ్యాటరీ పాడవుతుంది. వైరు బిగించాక పైన పల్చగా వాసలైన్ రాస్తే మళ్లీ త్వరగా పట్టదు. నెలకే మళ్లీ వచ్చిందంటే ఛార్జింగ్ ఎక్కువవుతోందేమో, బ్యాటరీ కారుతోందేమో చూపించండి.

ఏయే భాగాలకు కవర్లు కట్టాలి?

ఆల్టర్నేటర్, అంటే మెకానిక్‌లు డైనమో అనేది. దానికి గాలి రంధ్రాలు ఉంటాయి. ఎయిర్ ఫిల్టర్ గాలి పీల్చే మూతి, ఫ్యూజ్ బాక్సు, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ పెట్టె), ఇగ్నిషన్ కాయిల్స్. పాత బండి అయితే డిస్ట్రిబ్యూటర్, కార్బొరేటర్ కూడా. పాల కవర్లు, క్యారీ బ్యాగులు చుట్టి రబ్బరు బ్యాండు వేస్తే చాలు. ఆయిల్ పోసే మూత, డిప్‌స్టిక్, బ్రేక్ ఆయిల్ డబ్బా మూత బిగువుగా ఉన్నాయో లేదో చేత్తో తిప్పి చూడండి. పని అయ్యాక కవర్లు గుర్తుపెట్టుకుని తీయండి. గాలి మూతికి కట్టినది మరిచిపోతే బండి ఊపిరాడక ఆగిపోతుంది.

నీళ్లు పోయకుండా ఎంతవరకు శుభ్రం చేయొచ్చు?

చాలావరకు. ఎండు మట్టిని పెయింట్ బ్రష్‌తో దులిపి, వాక్యూమ్ క్లీనర్ గొట్టంతో లాగేసి, సబ్బు నీళ్లలో పిండిన గుడ్డతో తుడిస్తే ఐదారేళ్ల బండి కొత్తదానిలా తేలుతుంది. మా కొత్త కారుకు ఇంతవరకు ఇంతకుమించి చేయలేదు. మట్టి దులపకుండా ముందే తడిపితే అది బురదై సందుల్లోకి దిగుతుంది.

వైపర్ల కింద జల్లెడలో ఆకులు నిండిపోయాయి. పరవాలేదా?

పరవాలేదు అనుకోకండి. వేప చెట్టు కింద బండి పెట్టేవాళ్లకు ఇది మామూలే. ఆ జల్లెడలో పడిన వాన నీరు పోవడానికి రెండు పక్కలా రంధ్రాలుంటాయి. అవి ఆకులతో మూసుకుంటే నీళ్లు నిలిచి రేకు తుప్పు పడుతుంది, కొన్ని బండ్లలో లోపల కాళ్ల దగ్గర కార్పెట్ తడుస్తుంది. ఆకులు చేత్తో ఏరేసి, ఒక మగ్గు నీళ్లు పోసి కిందికి దిగుతున్నాయో లేదో చూడండి.

## జిడ్డు వదిలించడం

మా మెకానిక్ కిరోసిన్‌తో, డీజిల్‌తో కడుగుతాడు. నేనూ అలా చేయొచ్చా?

ఆయన విప్పి పక్కన పెట్టిన ఇనుప సామాను కడుగుతాడు. బండికి బిగించి ఉన్న ఇంజిన్‌ను అలా కడగడం వేరు. కిరోసిన్, డీజిల్ రబ్బరు పైపుల్ని, బెల్టుల్ని ఉబ్బేలా చేస్తాయి, వెనకాల జిడ్డు పొర వదులుతాయి, దానికి వారంలో దుమ్ము అతుక్కుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, మంట ప్రమాదం. పెట్రోల్ సంగతి చెప్పనే అక్కర్లేదు, దాని ఆవిరికి చిన్న నిప్పురవ్వ చాలు. డిగ్రీజర్ దొరకకపోతే గిన్నెలు తోమే లిక్విడ్ గోరువెచ్చటి నీళ్లలో కలిపి వాడండి. రెండుసార్లు రుద్దాల్సి వస్తుంది, అంతే.

డిగ్రీజర్ ఎలా వాడాలి?

సీసా మీద చెప్పినంత నీళ్లు కలపండి. చిక్కగా ఉంటే బాగా పోతుందని అనుకోవద్దు, ఘాటైనది అల్యూమినియాన్ని నల్లబరుస్తుంది. కింద నుంచి పైకి చల్లుకుంటూ రండి, అప్పుడు చారలు పడవు. మూడు నుంచి ఐదు నిమిషాలు నాననిచ్చి బ్రష్‌తో రుద్దండి. ఒక్క నిమిషంలోనే మడ్డి కాఫీ డికాషన్ రంగులో కారడం మొదలవుతుంది. ఎండనివ్వకూడదు. అందుకే ఒకేసారి మొత్తం చల్లకుండా జానెడు జాగా చొప్పున చేసుకుంటూ పోండి. గట్టిపడ్డ మడ్డిని పాత ఏటీఎం కార్డు అంచుతో గీకితే పెళ్లలుగా లేస్తుంది, స్క్రూడ్రైవర్‌తో గీకితే గీతలు పడతాయి. బెల్టుల మీద డిగ్రీజర్ పడితే వెంటనే మంచినీళ్లతో తుడవండి.

ఎన్ని నీళ్లు పోయాలి? పైపు పెట్టొచ్చా?

స్ప్రే బాటిల్‌తో చిమ్ముతూ, తడి గుడ్డతో తుడుస్తూ పోతే ఒక బకెట్ సరిపోతుంది. పైపే పెట్టాలనుకుంటే మొక్కలకు పోసినంత మెల్లగా, ఇంజిన్ పై భాగం వదిలేసి కింది ఇనుప భాగాల మీద మాత్రమే. స్పార్క్ ప్లగ్గులు గుంతల్లో కూర్చుని ఉండే ఇంజిన్లలో ఆ గుంతలు నిండితే రోజుల తరబడి ఆరవు.

రేడియేటర్ జాలీ పురుగులతో, మట్టితో మూసుకుపోయింది. ఎలా?

వరి కోతలప్పుడు ఊరి రోడ్ల మీద తిరిగిన బండికి ఇది తప్పదు. ఆ రేకులు అరటి ఆకంత సుకుమారం, వేలితో నొక్కినా వంగుతాయి. మెత్తటి బ్రష్‌తో రేకులు ఎటు నిలబడి ఉంటే అటే, అంటే పైనుంచి కిందికో కింది నుంచి పైకో దులపండి, అడ్డంగా వద్దు. నీళ్లు ఇంజిన్ వైపు నుంచి బయటికి వచ్చేలా మెల్లగా పోయండి. ముందు నుంచి పోస్తే చెత్త ఇంకా లోపలికి దిగుతుంది. రేడియేటర్ ముందు అలాంటి జాలీలా ఉండే ఏసీ కండెన్సర్‌కూ ఇదే పద్ధతి.

ఆ జిడ్డు నీళ్లు ఎటు పోవాలి?

కాలువలోకి, బావి దగ్గరికి, మొక్కల్లోకి వద్దు. బండి కింద పాత ఫ్లెక్సీ పరిచి, మీద ఇసుకో రంపపు పొట్టో ఊకో పోయండి. జిడ్డు దానికి పడుతుంది. అది సంచిలోకి ఎత్తి విడిగా పారేయండి. కూలెంట్ కారి ఉంటే మరింత జాగ్రత్త. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి. చాలా కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ వాటి ప్రాణం తీస్తుంది.

## ఆరబెట్టి స్టార్ట్ చేయడం

ఎంతసేపు ఆరాలి?

పొడి గుడ్డతో అద్ది, బానెట్ ఎత్తి ఎండలో రెండు మూడు గంటలు వదిలేయండి. కనెక్టర్ల చుట్టూ, ప్లగ్గుల దగ్గర టైర్లకు గాలి కొట్టే చిన్న పంపుతో ఊదండి. నీటిని తోసేసే స్ప్రే వాడొచ్చు. డబ్ల్యూడీ-40 పేరుకు అర్థమే అది, నీటిని తోసేసే 40వ ఫార్ములా అని, 1953 నాటి మందు. కానీ అది మండే గుణం ఉన్నది, చల్లటి ఇంజిన్ మీదే, బ్యాటరీ తగిలించకముందే వాడండి, బెల్టుల మీద పడనీయకండి. తర్వాత కవర్లన్నీ తీసి, బ్యాటరీ బిగించి, బండిని పది నిమిషాలు ఆరుబయట ఐడ్లింగ్‌లో ఉంచండి.

స్టార్ట్ చేస్తే మిస్సింగ్ (ఏదో సిలిండర్ సరిగా మండక బండి వణకడం) వస్తోంది, చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. టెన్షన్‌గా ఉంది!

చాలాసార్లు అది తేమే. బండి ఆపేసి, ప్లగ్ వైర్లు లేదా కాయిల్స్, మీరు నీళ్లు పోసిన చోట ఉన్న కనెక్టర్లు ఒక్కొక్కటే ఊడదీసి, ఊది, ఆరనిచ్చి, టిక్ అనేదాకా మళ్లీ నొక్కండి. కనెక్టర్ లాక్ సరిగా పడకపోవడం కూడా మామూలే. మిస్సింగ్‌తోనే దూరం నడిపితే కాలని పెట్రోలు, పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని పాడుచేస్తుంది. ఆరాక కూడా లైట్ పోకపోతే స్కాన్ చేయించండి.

పొగ వస్తోంది. భయపడాలా?

మేనిఫోల్డ్ మీద మిగిలిన సబ్బు, తేమ కాలి కాసేపు సన్నటి తెల్లపొగ వస్తుంది, కొద్ది నిమిషాల్లో ఆగిపోవాలి. పెట్రోలు వాసన వచ్చినా, ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చినా వెంటనే ఆపేయండి, కారణం దొరికేదాకా మళ్లీ స్టార్ట్ చేయొద్దు.

## పాత రూపు తేవడం

బ్యాటరీ ట్రే దగ్గర రేకు తుప్పు పట్టింది. ఇంట్లో బాగుచేయొచ్చా?

పైపైన తుప్పు అయితే తప్పకుండా. బ్యాటరీ దించి, వంట సోడా నీళ్లతో ఆ చోటు కడిగి ఆరనివ్వండి. యాసిడ్ మిగిలి ఉంటే మీద ఎంత మంచి పెయింట్ వేసినా లేచిపోతుంది. తర్వాత వైర్ బ్రష్‌తో పొక్కులు రాల్చి, 120 నంబరు ఎమరీ పేపర్‌తో, ఆపైన 240, 400తో రుద్దండి. అంచులు వేలికి తగలకుండా కలిసిపోవాలి. గుంటల్లో మిగిలిన తుప్పుకు రస్ట్ కన్వర్టర్ రాస్తే అది నల్లబడి గట్టిపడుతుంది. ఆరాక ఎపాక్సీ ప్రైమర్, దానిమీద రెండు పల్చటి కోట్లు పెయింట్. ఒకే మందపాటి కోటు వేస్తే కారుతుంది. విశాఖ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో ఈ పని వాయిదా వేయొద్దు. స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే రేకు దిగిపోతోందంటే మాత్రం అది వెల్డింగ్ పని.

మొత్తం లోపలంతా పెయింట్ స్ప్రే కొడితే కొత్తదిలా ఉంటుంది కదా?

దయచేసి అలా కొట్టొద్దు. వైర్లు, పైపులు, స్టిక్కర్లు అన్నీ ఒకే రంగైతే మెకానిక్‌కు ఏదీ అర్థం కాదు. ముఖ్యంగా చాసిస్ నంబరు. సొంత కారు ఆర్సీ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. అప్పుడు నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీస్తారు. అంకెల మీద పెయింట్ పేరుకుంటే, లేదా ఎమరీ పేపర్‌తో అరిగితే, ముద్ర సరిగా పడదు, లేనిపోని అనుమానాలు వస్తాయి. ఇంజిన్ నంబరు కూడా అంతే. పెయింట్ కొట్టే ముందు రెండింటి మీదా మాస్కింగ్ టేపు వేయండి.

నల్లటి ప్లాస్టిక్ కవర్లు బూడిద రంగుకు తిరిగాయి. ఏం రాయాలి?

పాలలా తెల్లగా ఉండే వాటర్ బేస్డ్ డ్రెస్సింగ్ గుడ్డకు అద్ది రాసి, పది నిమిషాలాగి మిగులు తుడిచేయండి. తళతళలాడే జిడ్డు రకం సిలికాన్ స్ప్రేలు, కొబ్బరి నూనె వద్దు. దుమ్మంతా వాటికే అంటుకుంటుంది. తుడిచాక వేలికి ఏమీ అంటకూడదు, అదే లెక్క. బెల్టులకు, పుల్లీలకు రాయొద్దు.

అల్యూమినియం భాగాల మీద తెల్లటి బూజులా ఉంది.

అది అల్యూమినియం ఆక్సైడ్. ఇత్తడి బ్రష్ లేదా నైలాన్ బ్రష్‌తో రుద్దితే చాలావరకు పోతుంది. బాత్రూమ్ యాసిడ్ మాత్రం దగ్గరికి రానీయకండి, అల్యూమినియాన్ని తినేస్తుంది, దాని ఆవిరి చుట్టుపక్కల ఇనుముకు తుప్పు పట్టిస్తుంది.

వైరింగ్ మీద చుట్టిన టేపు జిగురు కారుతోంది. మార్చొచ్చా?

ఇళ్లలో వాడే ఇన్సులేషన్ టేపు ఇంజిన్ వేడికి ఇలాగే అవుతుంది. దాన్ని విప్పి, వైరింగ్ కోసం వచ్చే గుడ్డ టేపు చుట్టండి, మీద ముడతల ప్లాస్టిక్ స్లీవ్ వేయండి. ఒక్కో జానెడే విప్పి చుట్టుకుంటూ పోవాలి. మొత్తం ఒకేసారి విప్పితే ఏ వైరు ఎటు వెళ్లిందో తెలియదు. ముందు ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి.

రబ్బరు పైపులకు పాలిష్ పెడితే సరిపోతుందా, మార్చాలా?

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పైపును వేళ్లతో నొక్కండి. మెత్తగా నొక్కుకుని తిరిగి లేస్తే బాగున్నట్టే. ఎండు కొమ్మలా పటపటమన్నా, క్లాంపు దగ్గర ఉబ్బినా మార్చాల్సిందే. పెట్రోల్ పైపు విషయంలో అసలు ఆలోచించొద్దు. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. నా 1998 బండి లాంటి వాటి రబ్బరు దానికోసం చేసింది కాదు. నేను మొత్తం పెట్రోల్ పైపులు, క్లాంపులతో సహా మార్పించాను.

## శుభ్రం చేసిన తర్వాత

కడిగాక మళ్లీ ఆయిల్ కనిపిస్తోంది. ఎక్కడినుంచో ఎలా కనిపెట్టాలి?

శుభ్రంగా, పొడిగా తుడిచిన ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు అనుమానం ఉన్న చోట టాల్కమ్ పౌడర్ పల్చగా చల్లండి. తర్వాత ఊళ్లో ఒక చుట్టు తిరిగి వచ్చి, చల్లారాక టార్చి వేసి చూడండి. తెల్లటి పౌడర్ మీద ఆయిల్ సన్నటి గోధుమరంగు దారంలా కనిపిస్తుంది. దాని పై కొస ఎక్కడుందో లీకు అక్కడే. ఆయిల్ ఎప్పుడూ కిందికే కారుతుంది కాబట్టి కింద తడిసిన చోటు చూసి మోసపోవద్దు. నా బండిలో అందరూ కింద ఆయిల్ సీల్ పోయిందన్నారు. పౌడర్ చల్లితే దారం పైన ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పై మూత) మూల దగ్గర మొదలైంది. ప్యాకింగ్ మారిస్తే ఆగిపోయింది, ఇంజిన్ దించే పని తప్పింది.

ఎలుకలు మళ్లీ రాకుండా ఏం చేయాలి?

ఎలుక పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, అరగదీసుకోవడానికి ఏదో ఒకటి కొరుకుతుంది. పొగాకు కాడలు, నాఫ్తలీన్ ఉండలు కొన్నాళ్లే పనిచేస్తాయి, వాసన పోగానే మామూలే. నాకు బాగా పనిచేసింది రెండే: బండిని రెండు రోజులకోసారైనా కదపడం, బియ్యం బస్తాలు, కుక్కకు పెట్టే తిండి దాని దగ్గర ఉంచకపోవడం. వానాకాలంలో పొద్దున్నే బానెట్ ఎత్తి చూడటం అలవాటు చేసుకోండి.

ఎన్నాళ్లకోసారి చేయాలి?

డిగ్రీజర్‌తో ఏడాదికోసారి చాలు. నెలకోసారి పది నిమిషాలు పొడి బ్రష్, తడి గుడ్డ.

కారు అమ్మే ముందు కడిగిస్తే రేటు పెరుగుతుందా?

అమ్మే ముందురోజు కడిగి మెరిపిస్తే, తెలిసినవాళ్లు లీకు దాస్తున్నారనే అనుకుంటారు. నెల ముందే కడిగి, మామూలుగా నడిపి, ఏదైనా కారితే బాగుచేయించి, ఆ బిల్లు దగ్గర పెట్టుకోండి. కొనేవాళ్లు వచ్చినప్పుడు చల్లటి ఇంజిన్ మీద బానెట్ ఎత్తి, బిల్లు చేతికిచ్చి, వాళ్లనే టార్చి వేసి చూసుకోనివ్వండి.